పన్నెండు వందల ఏళ్ళ కింద ఏం కూర?

తిన్నారా? ఏం కూర?

కంగారు పడకండి, భోజనానికి వచ్చేయడం లేదు. గోడ మీద మోచేతులు ఆనించగానే మన నోట్లోంచి ముందు ఊడిపడే మాట ఇదే కదా! ఒంట్లో ఎట్లా ఉంది, అబ్బాయికి నౌకరీ దొరికిందా, అవన్నీ తర్వాత. లాల్ దర్వాజాలో అయినా శాలిబండలో అయినా ముందు కూర సంగతి తేలాలి. గుత్తి వంకాయ అన్నారనుకోండి, మనకి కొంచెం కుళ్ళు. కాకరకాయ అన్నారనుకోండి, కొంచెం జాలి.

ఇదే ప్రశ్న పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు అస్థిపంజరాలని అడుగుతున్నారు. నవ్వకండి, నిజం. అవి జవాబు కూడా చెబుతున్నాయి. మీరూ నేనూ అయితే పచ్చడి మెతుకులు తిని బగారన్నం, మటన్ అని చెప్పుకోగలం. వాటికి ఆ సదుపాయం లేదు పాపం. తిన్నదే చెప్పాలి.

ఇదంతా ఎక్కడో సముద్రాల అవతల జరిగే తంతు అనుకునేరు. సగం మన ఊళ్ళోనే! చార్మినార్ దగ్గర ఆటో ఎక్కి, మలక్‌పేటలో జర ఇరుక్కుని, మళ్ళీ కదిలి హబ్సిగూడ చేరితే రోడ్డు పక్కన సీసీఎంబీ. అదే, కణాల మీద, జన్యువుల మీద పరిశోధన చేసే సంస్థ. దాని ముందు నుంచి ఉప్పల్ బస్సులో ఎన్నోసార్లు పోయుంటారు. లోపల ఎవరి తొడ ఎముక గురించి చర్చ నడుస్తోందో ఎప్పుడైనా ఆలోచించారా? లేదు. కిటికీ పక్క సీటు దొరికిందా లేదా, అదే మన ధ్యాస.

సరే, కిటుకు చెబుతాను. రెండు నిమిషాలు ఓపిక పట్టండి, పరీక్షేమీ పెట్టను. కార్బన్ అని ఉంది కదా, బొగ్గులోనూ, బియ్యంలోనూ, మీలోనూ నాలోనూ ఉండేది. అందులో నూటికి తొంభై తొమ్మిది వంతులు కార్బన్-12. మిగిలిన ఆ ఒక్క వంతు కార్బన్-13. ఒక న్యూట్రాన్ ఎక్కువ, రవ్వంత బరువు ఎక్కువ. అంతే తేడా. ఇవే ఐసోటోపులు. రేడియో ధార్మికత గీర్మికత ఏమీ లేదు, ఈ రెండూ ఎన్ని వేల ఏళ్ళయినా ఎట్లా ఉన్నవి అట్లాగే ఉంటాయి.

ఇప్పుడు వరి మొక్కని చూడండి. అది భలే నఖరాల మొక్క. గాలిలోంచి బొగ్గుపులుసు వాయువు పీల్చేటప్పుడు బరువు కార్బన్ తగిలితే మూతి తిప్పుకుంటుంది. గోధుమ, కంది, మామిడి, వేప, అన్నీ ఆ జట్టే. జొన్న, సజ్జ, రాగి, మక్క, చెరకు అట్లా కాదు. ఎండకి ఓర్చే మొక్కలు కదా, వాటి పద్ధతే వేరు, వచ్చినదాన్ని అంతగా ఏరుకోవు. చెరకులో ఈ వేరే దారి ఉందని 1966లో హాచ్, స్లాక్ అనే ఇద్దరు వివరించారు. కొలతల భాషలో వరి జట్టు వెయ్యికి మైనస్ 26 దగ్గర, జొన్న జట్టు మైనస్ 12 దగ్గర నిలబడతాయి. రెండు జట్ల మధ్య పెద్ద ఖాళీ. పొరపడే అవకాశం తక్కువ. 1977లో వాన్ డెర్ మెర్వే, వోగెల్ అనే శాస్త్రవేత్తలు ఈ తేడా పట్టుకుని, అమెరికాలో న్యూయార్క్ వైపు పాత మనుషులు మక్కలు ఎప్పుడు మొదలుపెట్టారో వాళ్ళ ఎముకల్నే అడిగి తెలుసుకున్నారు. అప్పట్నుంచి ప్రపంచమంతా ఎముకల వెంట పడింది.

అంటే పాలమూరులో జొన్నరొట్టె తిన్న తాతనీ, కృష్ణా డెల్టాలో వరి అన్నం తిన్న తాతనీ పక్కపక్కన పడుకోబెడితే, పేర్లు అడక్కుండానే చెప్పొచ్చన్నమాట.

మాంసం సంగతేమిటంటారా? వస్తున్నా. అక్కడ నైట్రోజన్ పని చేస్తుంది. ఆకు కంటే మేకలో, మేక కంటే మేకని తిన్నవాడిలో నైట్రోజన్-15 ఎక్కువ. ఒక్కో మెట్టుకి వెయ్యికి మూడు నుంచి ఐదు వంతులు పెరుగుతుంది. ఏకాదశి నాడు మేం ముట్టమండీ అన్నవాళ్ళు మిగతా రోజుల్లో ఎంత ముట్టారో తెలిసిపోతుంది. గప్‌చుప్‌గా తిన్నా సరే.

ఒక తిరకాసు కూడా ఉంది, దాచను. వరి అన్నం తప్ప ఇంకోటి ముట్టని మనిషి ఉన్నాడనుకోండి. కానీ రెండు పూటలా గేదె పెరుగు. ఆ గేదె తినేదేమో జొన్నచొప్ప. ఇక ఆయన ఎముకలో జొన్న కార్బన్ చేరుతుంది! ఆయన తినకపోయినా ఆయన గేదె తిన్నది ఆయన లెక్కలో పడింది. అదే మేక అయితే చెట్ల ఆకులు కొరికే రకం, వరి జట్టు కార్బనే తెస్తుంది. అందుకే తెలివైనవాళ్ళు మనుషుల ఎముకలతో పాటు అదే చోట దొరికిన పశువుల ఎముకలు కూడా కొలుస్తారు. ముందు గేదెని విచారించి, తర్వాత యజమానిని.

ఎముకలోంచి ఇవన్నీ బయటికి లాగే పద్ధతి వింటే మీకు నోరూరుతుంది, ఊరకపోతే నన్నడగండి. ఎముక ముక్కని శుభ్రం చేసి పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తారు. గట్టి ఖనిజం కరిగిపోయి మెత్తటి కొలాజెన్ మిగులుతుంది. దాన్ని సన్నటి వేడి మీద గంటలకొద్దీ ఉంచుతారు. కరిగి జిగురు జిగురు అవుతుంది. అచ్చం మన పాయా! తెల్లవారుజామున మదీనా చుట్టుపక్కల గిన్నెల్లో ఉడికేది అదే కొలాజెన్, అదే జిగురు. నిమ్మచెక్క, కొత్తిమీర, కుల్చా తక్కువ, అంతే. అక్కడ మనం తాగేస్తాం, ఇక్కడ వాళ్ళు గడ్డకట్టించి, ఆరబెట్టి, రవ్వంత తీసి కాల్చి, వచ్చిన వాయువుని మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రంలోకి పంపుతారు. అందులో అయస్కాంతం తేలిక అణువుల్ని ఎక్కువ వంచుతుంది, బరువువాటిని తక్కువ. ఎవరు ఎంతమందో లెక్క తేలుతుంది.

ఇప్పుడు అసలు కథ. కూర్చోండి, నిలబడి వినే కథ కాదు.

ఉత్తరాఖండ్‌లో చమోలీ జిల్లా. అయిదు వేల మీటర్ల పైన రూప్‌కుండ్ అని చిన్న సరస్సు. ఏడాదిలో ఎక్కువ భాగం మంచే. 1942లో మాధ్వాల్ అనే అటవీ ఉద్యోగి అటు వెళ్ళి చూస్తే ఒడ్డు నిండా ఎముకలు. ఒకరివీ ఇద్దరివీ కాదు, వందల మందివి. యుద్ధం రోజులు కదా, జపాన్ సైనికులేమోనని హడలిపోయారు. కాదని తేలింది. దారి తప్పిన సైన్యమా? అంటురోగమా? కొండల్లో వాళ్ళు చెప్పుకునే కథ ఇంకోటి ఉంది. కనౌజ్ రాజు పరివారంతో, నర్తకులతో నందాదేవి యాత్రకి వస్తే, ఆ ఆటపాటలకి అమ్మవారు ఆగ్రహించి వడగళ్ళు కురిపించిందట. చూస్తే కొన్ని పుర్రెల మీద పైనుంచి పడ్డ గుండ్రటి దెబ్బలు నిజంగానే ఉన్నాయి!

ఇక చూడాలి సంబరం. పత్రికలు, టీవీలు, అందరిదీ ఒకటే పాట: ఎట్లా చచ్చారు? ఎట్లా చచ్చారు? నాకు ఒళ్ళు మండుతుంది. వడగళ్ళు పడ్డాయి, పోయారు, అందులో ఇంకా ఏముందండీ? ముప్ఫయ్యేళ్ళు బతికి ఒక్క రోజు చచ్చిన మనిషి గురించి ఆ ఒక్క రోజే మాట్లాడుకోవడం ఏం మర్యాద? ఆ ముప్ఫయ్యేళ్ళు ఏం తిన్నాడో ఎవరికీ పట్టదా?

పట్టింది లెండి. మన సీసీఎంబీ తంగరాజ్, లక్నోలో బీర్బల్ సాహ్ని సంస్థ నీరజ్ రాయ్, హార్వర్డ్ డేవిడ్ రైక్, ఇంకా చాలామంది కలిసి కూర్చున్నారు. 2019 ఆగస్టులో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ఫలితాలు వేశారు. 38 మంది డీఎన్‌ఏ చదివారు. తిండి సంగతి తేల్చే ఐసోటోపుల పని జర్మనీలో యేనా అనే ఊళ్ళోని మాక్స్ ప్లాంక్ సంస్థ వాళ్ళు చూసుకున్నారు.

అందరూ ఒకే యాత్ర, ఒకే వాన, ఒకే చావు అనుకున్నారు కదా. మొత్తం తలకిందులు! 23 మంది మన ఉపఖండం వాళ్ళు. ఏడో శతాబ్దానికీ పదో శతాబ్దానికీ మధ్య, అదీ వేర్వేరు సమయాల్లో పోయినవాళ్ళు. బాగుంది. ఇంకో 14 మంది ఎవరు? గ్రీసు, క్రీటు ద్వీపం వైపు మనుషులకి దగ్గర బంధువులు! పాతకాలం వాళ్ళు కూడా కాదు, దాదాపు 1800 ప్రాంతం వాళ్ళు. అంటే ఇక్కడ మన బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ దొర ఖైరున్నీసాని పెళ్ళాడి, కోఠీలో రెసిడెన్సీ మేడ లేపించిన కాలం అటూఇటుగా. ఇక మిగిలిన ఒకే ఒక్కరు ఆగ్నేయాసియా మనిషి. క్రీటు ఎక్కడ, చమోలీ ఎక్కడ? అక్కడికి ఎందుకు ఎక్కారో ఇప్పటికీ ఎవరికీ అంతుపట్టలేదు.

తిండి మాటకొస్తే ఇంకా రుచి. తొడ ఎముక చివరి పదీ ఇరవై ఏళ్ళ భోజనం చెబుతుంది. మన 23 మంది వైపు చూస్తే ఇంటికో వంట. కొందరు వరి, గోధుమ రకం, కొందరు జొన్న, సజ్జ లాంటి చిరుధాన్యాలు బాగా లాగించినవాళ్ళు, కొందరు రెండూ. ఒక్క ఊరి జనం కారు, ఒక్క కులం వాళ్ళూ కారు, రకరకాల చోట్ల నుంచి వచ్చిన యాత్రికులు అని నమ్మబుద్ధవుతుంది. ఆ పద్నాలుగు మంది మాత్రం అంతా ఒక్క తీరు. గోధుమ, బార్లీ, వరి జట్టు భోజనం. చిరుధాన్యం జాడ లేదు. కొండల్లో ఏళ్ళ తరబడి ఉండి ఇక్కడి రొట్టె తినుంటే కొంచెమైనా తెలియాలి కదా! డీఎన్‌ఏ ఏమో వీళ్ళు పరాయివాళ్ళంది, తొడ ఎముక ఏమో అవునవునంది. పుట్టుక ఒకటే చెబితే ఎవరైనా ఏదో ఒక వాదన లేవదీయొచ్చు. వంటిల్లు కూడా సాక్ష్యం చెప్పాక ఇంకేం వాదిస్తారు?

ఇట్లాంటిదే ఇంకొక పని కూడా మన ఊరి చేతుల మీదుగా నడిచింది. ఇది కొంచెం బాధ పెట్టే కథ. పంజాబ్‌లో అమృత్‌సర్ దగ్గర అజ్నాలా. అక్కడ ఒక పాత బావిలోంచి 2014లో గుట్టలుగా ఎముకలు బయటికి తీశారు. దేశ విభజన నాటి హతులని కొందరు, 1857 సిపాయిలని కొందరు. అప్పటి అమృత్‌సర్ డిప్యూటీ కమిషనర్ ఫ్రెడరిక్ కూపర్, తిరగబడ్డ 26వ నేటివ్ ఇన్‌ఫెంట్రీ సిపాయిల్ని తానే చంపించి బావిలో వేయించానని 1858లో తన పుస్తకంలో గొప్పగా రాసుకున్నాడు. మరి ఎవరి మాట నిజం? 50 నమూనాల్లో డీఎన్‌ఏ, 85 నమూనాల్లో ఐసోటోపులు చూశారు. 2022లో ఫలితం వచ్చింది. పంజాబీలు కారు, గంగా మైదానం బిడ్డలు. ఉత్తరప్రదేశ్, బిహార్, బెంగాల్ వైపు నుంచి కొలువుకి వెళ్ళినవాళ్ళు. పేరు లేదు, ఊరు లేదు. చిన్నప్పుడు తిన్న తిండి, తాగిన నీళ్ళు మాత్రం పళ్ళలో ఉండిపోయాయి.

నీళ్ళు కూడానా? అవును మరి. సముద్రం మీద నుంచి వచ్చే మేఘం దారిలో ముందు బరువు ఆక్సిజన్‌ని రాల్చేస్తుంది. లోపలికి పోయేకొద్దీ, కొండ ఎక్కేకొద్దీ వాన తేలికవుతుంది. ఆ వాన నీళ్ళు తాగి పెరిగిన బిడ్డ పంటి పింగాణీలో అదే లెక్క నిలిచిపోతుంది.

పన్ను గురించి గంట మాట్లాడమన్నా మాట్లాడతాను, మీ ఆవిడ పిలిచేదాకా. ఎముక ఎప్పటికప్పుడు అరిగి కొత్తదవుతుంటుంది. పంటి మీది పింగాణీ మటుకు ఒక్కసారి తయారైతే అంతే, ఇక మారదు. మొదటి పెద్ద దవడ పన్ను పుట్టిన దగ్గర నుంచి మూడో ఏడు దాకా తయారవుతుంది. జ్ఞానదంతం పదేళ్ళు దాటాక. రెండూ పీకి పక్కపక్కన పెడితే, రెండో ఏట ఎక్కడున్నారు, పద్నాలుగో ఏట ఎక్కడున్నారు, రెండూ తెలుస్తాయి. ఇది చెప్పేది స్ట్రాన్షియం. కాల్షియం అనుకుని మన ఒళ్ళు పొరపాటున లోపలికి రానిచ్చే లోహం. అది రాతిలోంచి మట్టిలోకి, మట్టిలోంచి గింజలోకి, గింజలోంచి పంటిలోకి వస్తుంది.

ఇక్కడే మన ఊరి రాళ్ళ మహత్యం చెప్పాలి. గోల్కొండ కోట కూర్చున్న రాయి, మౌలాలి గుట్ట, బంజారాహిల్స్‌లో పేల్చి పారేసిన గుండ్లు, అంతా గ్రానైటు. దాదాపు 250 కోట్ల ఏళ్ళ వయసు. అందులో రుబీడియం అన్ని కోట్ల ఏళ్ళుగా మెల్లమెల్లగా స్ట్రాన్షియం-87గా మారుతూ కూర్చుంది. అందుకని మన రాయిలో దాని వంతు ఎక్కువ. పడమరగా వికారాబాద్ దాటి పోండి, నల్లరాయి, నల్లరేగడి మొదలు. 6.6 కోట్ల ఏళ్ళ కిందటి లావా. రాళ్ళ లెక్కలో నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల. అక్కడ స్ట్రాన్షియం-87 తక్కువ. అంటే ఔరంగాబాద్‌లో పాలపళ్ళు ఊడిన పిల్లాడినీ, గౌలీపురాలో ఊడిన పిల్లాడినీ పంటిని బట్టి విడదీయొచ్చు. సీసీఎంబీకి దగ్గర్లోనే ఎన్‌జీఆర్‌ఐ ఉంది, రాళ్ళలో ఇట్లాంటి లెక్కలు తీయడం వాళ్ళకి రోజువారీ పని.

ఒక్కసారి పాత బస్తీని ఈ కళ్ళతో చూడండి, మజా వస్తుంది. 1591లో నగరం కట్టినప్పుడు నక్షా వేయించిన పేష్వా మీర్ మోమిన్ అస్తరాబాదీ, కాస్పియన్ సముద్రం దిక్కు నుంచి వచ్చినవారు. దవడ పన్ను ఇరాన్, తొడ ఎముక హైదరాబాద్! బార్కస్‌లో యెమెన్ దేశం హద్రమౌత్ నుంచి నిజాం ఫౌజులోకి వచ్చిన అరబ్బుల సంతతి. వాళ్ళతో పాటే హరీస్ వచ్చింది, అది మన చేతుల్లో పడి మసాలా పూసుకుని హలీమ్ అయి కూర్చుంది. నిజాం అశ్వదళంలో ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు. బేగంబజార్‌లో మార్వాడీలు. ధూల్‌పేటలో ఉత్తరాది నుంచి దిగిన లోధాలు. మేం మాత్రం ఏడు తరాలుగా ఇక్కడివాళ్ళమే అని రొమ్ము విరుచుకునే మీ బాబాయి గారున్నారు చూశారూ, ఆయన ముత్తవ్వ దవడ పన్ను కొలిస్తే ఏ బీదరో, ఏ గుల్బర్గానో బయటపడుతుంది. పందెం కాస్తారా? ఆగండాగండి, ఎవరూ గునపం పట్టుకుని దాయిరా శ్మశానం వైపు బయల్దేరకండి. ఊరికే గోడ మీద మాట.

పెళ్ళిళ్ళ గుట్టు కూడా ఇట్లాగే తెలుస్తుంది. హరప్పా శ్మశానంలో పళ్ళు కొలిచి కెనోయర్, ప్రైస్, బర్టన్ 2013లో తొలి ఫలితాలు వేశారు. ఊరు కాని వాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు, వాళ్ళ దగ్గర్లో పూడ్చినవాళ్ళలో స్థానిక ఆడవాళ్ళు. చూడగానే నాకు ఒకటే మాట తట్టింది: ఇల్లరికం! పండితులు అంత తొందరగా తేల్చరు, జాగ్రత్తగా మాట్లాడతారు. నాకేం? నేను తేల్చేశాను. నాలుగున్నర వేల ఏళ్ళ కిందటి ఇల్లరికపు అల్లుళ్ళు. వాళ్ళ అత్తగార్ల గురించి కూడా ఏదైనా ఐసోటోపు ఉంటే బాగుండు.

అన్నిటికంటే నన్ను మురిపించేది పసిబిడ్డల లెక్క. తల్లిపాలు తాగే బిడ్డ, నైట్రోజన్ భాషలో, తల్లిని తిన్నట్టే. తల్లి కంటే రెండు మూడు వంతులు ఎక్కువ చూపిస్తుంది. పాలు తగ్గించి మెతుకులు మొదలుపెట్టగానే దిగుతూ వస్తుంది. పంటి లోపలి డెంటీన్ పొరలు పొరలుగా పెరుగుతుంది కనుక, పొర పొరా కోసి చూస్తే ఆ దిగుడు కనిపిస్తుంది. అంటే అన్నప్రాశన! పూజారి లేడు, ముహూర్తం రాసిన కాగితం లేదు, బిడ్డ పేరు కూడా లేదు. పాలు మాన్పిన నెలలు మాత్రం దాదాపుగా ఉన్నాయి.

అదే పొరల్లో ఆకలి కూడా ఉంటుంది. తిండి లేకపోతే ఒళ్ళు తన కండనే తింటుంది, నైట్రోజన్ పైకి లేస్తుంది. ఐర్లాండ్‌లో 1845 తర్వాత బంగాళదుంప తెగులు తెచ్చిన కరువు ఉంది కదా. కిల్కెన్నీ అనే ఊళ్ళో పేదల ఆశ్రమం (వర్క్‌హౌస్) దగ్గర పూడ్చినవాళ్ళ పళ్ళు చూస్తే, ముందు దుంపల కార్బన్, ఆకలి, ఆ తర్వాత సాయంగా పంచిన అమెరికా మక్కల కార్బన్, వరసగా కనబడ్డాయి. మనకీ నందన కరువు, ధాత కరువు అని సంవత్సరాల పేర్లతో గుర్తుండిపోయినవి ఉన్నాయి. అప్పటి గంజి ఎవరి పళ్ళలో ఎంత మిగిలిందో.

జొన్నకీ ఆరోగ్యానికీ ఉన్న పేచీ మన తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళకి బాగా తెలుసు. 1960 ప్రాంతంలో గోపాలన్ గారు జొన్నే ఆధారంగా బతికే పేదల్లో పెల్లాగ్రా అనే వ్యాధి ఎందుకొస్తుందో వెతికి, జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్‌ని వేలెత్తి చూపారు. 1970లలో నల్లగొండ పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్ళు తాగే పిల్లల మోకాళ్ళు లోపలికి వంగిపోవడం, అందులోనూ జొన్న తినేవాళ్ళలో ఎక్కువ కనిపించడం వాళ్ళే పట్టుకున్నారు. ఇవి బతికున్నవాళ్ళ మీద చేసిన పనులు. రేపెప్పుడో ఒక వంగిన మోకాలి ఎముక బయటపడితే, పక్కనే దాని కార్బన్ కూడా కొలిస్తే, రోగమూ కంచమూ ఒక్క చోటే దొరుకుతాయి. ఇదంతా విని జొన్నరొట్టె మానేయకండి. పప్పూ కూరా పక్కనుంటే దానికి మించింది లేదు.

మరీ బరువెక్కింది. రాజుల దగ్గరికి పోదాం పదండి. ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్‌ని 2012లో లెస్టర్ పట్టణంలో కార్ పార్కింగ్ కింద కనుక్కున్నారు. 2014లో ఆయన పన్ను, తొడ ఎముక, పక్కటెముక మూడూ కొలిచారు. పక్కటెముక తొందరగా మారుతుంది, చివరి రెండు మూడేళ్ళ సంగతి చెబుతుంది. సింహాసనం ఎక్కాక ఆయన నైట్రోజన్ అమాంతం లేచింది. హంసలు, కొంగలు, చేపలు, విందులే విందులు. ఆక్సిజన్ కూడా మారింది. ఊరు మారలేదే, మరి నీళ్ళెందుకు మారాయి? నీళ్ళు కాదు నాయనా, వైన్! రాజ్యం రెండేళ్ళే చేశాడు, కానీ పక్కటెముక నిండా తాగాడు. ఇది చదివినప్పటి నుంచి ఫలక్‌నుమాలో 101 మంది ఒక్కసారి కూర్చునే భోజనాల బల్ల గుర్తొస్తే చాలు, అటు కూర్చున్నవారి పక్కటెముకలు, ఇటు వడ్డించినవారి పక్కటెముకలు నా కళ్ళ ముందు వరుసగా నిలబడుతున్నాయి. మీకు రావా ఇట్లాంటి ఆలోచనలు? రాకపోతే మంచిదే, నిద్రపడుతుంది.

మూసీ దాటి నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కి వెళ్తే మ్యూజియంలో మన ఈజిప్టు ఆడపడుచు నైషు పడుకుని ఉంటుంది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చిన మమ్మీ. వాళ్ళ దేశం మమ్మీలని ఫ్రాన్సులో లియాన్ నగరం శాస్త్రవేత్తలు కొలిచి 2014లో ఒక వింత చెప్పారు. పక్కనే నైలు నది, గోడల మీద చేపలు పట్టే బొమ్మలు, అయినా వాళ్ళ ఒంట్లో చేప జాడ తక్కువ. గోధుమ, బార్లీయే ప్రధానం. నది పక్కన ఉన్నంత మాత్రాన చేపలు తింటారా ఏమిటి? మనం మూసీ పక్కనే ఉన్నాం కదా!

ఇంతకీ మన రాకాసిగుళ్ళ మాటేమిటి అని అడగరేం? మౌలాలిలో, హష్మత్‌పేటలో, గచ్చిబౌలి విశ్వవిద్యాలయం ఆవరణలో, పెద్ద పెద్ద బండల కింద ఇనుప యుగం మనుషులున్నారు. నిజాం కాలం నుంచి తవ్వుతూనే ఉన్నారు. వాళ్ళనే ముందు అడగాల్సింది. కానీ మన ఎండలు మనవే. వేడికి కొలాజెన్ నిలవదు, గ్రానైటు మట్టి పులుపుకి ఎముక పొడి అవుతుంది. రూప్‌కుండ్ వాళ్ళు అన్ని కబుర్లు చెప్పారంటే మంచులో ఉన్నారు కాబట్టి. మనవాళ్ళు మే నెల ఎండలో మూడు వేల ఏళ్ళు పడుకున్నారు మరి! అయినా పంటి పింగాణీ మొండిది. దాని మీదే నా ఆశంతా.

మన సంగతి తలుచుకుంటే మాత్రం రేపటి శాస్త్రవేత్తల మీద జాలేస్తుంది. ఒకప్పుడు ఊరి బావి నీళ్ళు, ఊరి చేను గింజలు. ఇప్పుడు మన నల్లాలో ఒక పూట కృష్ణా, ఒక పూట గోదావరి, కొన్ని గల్లీల్లో మంజీరా. బియ్యం ఏ జిల్లావో, పప్పు ఏ దేశానిదో. బిర్యానీ ముద్దలో బియ్యం వరి జట్టు, కోడేమో మక్కలు తిని పెరిగింది కనుక జొన్న జట్టు. ఇక ఇరానీ చాయ్! అందులో చక్కెర చెరకుదే కదా. ఎముక ఖనిజం కొలిచేవాడికి ఆ తీపి కూడా కొంత కనబడుతుంది. రోజుకి ఎనిమిది కప్పులు లాగించే మన మూసాబౌలి పెద్దమనిషిని చూసి, పాపం జొన్నరొట్టె తిని బతికిన కష్టజీవి అని రాసుకుంటాడేమో ఖర్మ.

చచ్చాకే ఈ గొడవంతా అనుకుని నిశ్చింతగా ఉండకండి. వెంట్రుక కూడా చెబుతుంది. నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కదా, నడుము దాకా జడ ఉంటే అయిదారేళ్ళ భోజనం వేలాడుతున్నట్టే. 2008లో అమెరికాలో యూటా విశ్వవిద్యాలయం వాళ్ళు జుట్టుని బట్టి మనిషి ఏ ప్రాంతం కుళాయి నీళ్ళు తాగాడో చెప్పొచ్చని చూపించారు. ఆ దేశంలో పశువుకీ మక్కలే, కోడికీ మక్కలే, శీతల పానీయంలో తీపికీ మక్కలే. అందుకని అక్కడివాళ్ళ జుట్టులో కార్బన్-13 బాగా ఎక్కువ. ఇప్పుడు డాలస్‌లో ఉన్న మన పిల్లలు ఫోన్‌లో అమ్మకి రోజూ వండుకుంటున్నానమ్మా, అన్నం, పప్పు, బెండకాయ వేపుడు అని చెబుతుంటారా, డిసెంబరు సెలవులకి వచ్చి గల్లీ చివర హజ్జాం దుకాణంలో కూర్చున్నప్పుడు, కింద పడ్డ జుట్టు ఊడ్పించేసి మరీ లేవడం మంచిది.